రెండు ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టకుండా తేడా కనిపెట్టడం

మా బావగారికి గుంటూరులో మందుల హోల్‌సేల్ షాపు ఉంది. బిల్లింగ్ డేటా అంతా ఒకే ఫైల్లో ఉంటుంది. ఏళ్ళ తరబడి పెరిగి పెరిగి ఆ ఫైలు 1.4 జీబీ అయింది. రాత్రి షట్టర్ దించే ముందు దాన్ని ఇంట్లో ఉన్న ఇంకో కంప్యూటర్‌కి పంపడం ఆయన అలవాటు. షాపు నెట్‌కి అప్‌లోడ్ స్పీడు 5 ఎంబీపీఎస్. లెక్క వేస్తే 1.4 జీబీ పోవడానికి 37 నిమిషాల పైనే పడుతుంది. మధ్యలో ఒక్కసారి కనెక్షన్ తెగిందంటే మళ్ళీ మొదటి నుంచి మొదలు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి అదొక టెన్షన్.

"రోజుకి ఎన్ని బిల్లులు కొడతారు బావగారూ?" అని అడిగాను.

"రెండొందలు. మరీ రద్దీగా ఉంటే మూడొందలు."

మూడొందల బిల్లులంటే ఎంత డేటా? బిల్లుకి మూడు కేబీలు వేసుకున్నా ఒక ఎంబీ దాటదు. ఒక ఎంబీ కొత్త సమాచారం కోసం రోజూ 1400 ఎంబీలు పంపుతున్నారన్నమాట. ఆ మాటే చెప్పాను.

"అయితే ఆ ఒక్క ఎంబీ పంపితే సరిపోదా?" అన్నారాయన.

సరిపోతుంది. కానీ ఏ ఎంబీ మారిందో ఎలా తెలుస్తుంది? నిన్నటి ఫైలు ఇంట్లో ఉంది, ఇవాళ్టి ఫైలు షాపులో ఉంది. తేడా తెలియాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. పక్కపక్కన పెట్టాలంటే ఒకదాన్ని రెండో చోటికి పంపాలి. ఆ పంపడమే తప్పించుకోవాలని కదా మన బాధంతా! పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం.

ఫైళ్ళు కాపీ చేయడం, రెండు చోట్లా ఒకేలా ఉంచడం అనగానే అందరం స్పీడు గురించి ఆలోచిస్తాం. ఇంకా మంచి ప్లాన్ తీసుకుందామా, ఇంకా మంచి కేబుల్ కొందామా అని. నా అనుభవంలో అసలు ఖర్చు పంపడంలో కాదు, ఏది మారిందో తెలుసుకోవడంలో ఉంది. అది చవగ్గా తెలిస్తే పంపడానికి పెద్దగా ఏమీ మిగలదు.

కాన్‌బెర్రాలో విప్పిన ముడి

ఈ ముడిని 1996లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ విప్పారు. ఆ ఏడాది జూన్‌లో తమ పద్ధతిని కొద్ది పేజీల నివేదికగా రాశారు. ఆర్‌సింక్ అనే ప్రోగ్రామునీ ఆ నెలలోనే విడుదల చేశారు. విండోస్, యూనిక్స్ కంప్యూటర్లు ఒకదాని ఫైళ్ళు ఇంకొకటి వాడుకునేలా చేసిన సాంబా కూడా ట్రిడ్జెల్ మొదలుపెట్టిందే. ఆయన 1999 నాటి పీహెచ్‌డీ థీసిస్‌లో ఆర్‌సింక్ వెనకున్న గణితం ఒక ప్రధాన భాగం. ముప్పై ఏళ్ళు కావస్తున్నా ఆ ప్రోగ్రాము ఇంకా రోజువారీ వాడకంలో ఉంది. డెబియన్ లాంటి లినక్స్ సంస్థల ఫైళ్ళు ప్రపంచమంతటా వాటి నకళ్ళు ఉంచే మిర్రర్ సర్వర్లకి చేరేది దీంతోనే.

ఫోల్డర్లో పదివేల ఫైళ్ళుంటే ఆర్‌సింక్ అన్నిటినీ తెరిచి చూడదు. ఒక్కో ఫైలుకి రెండే చూస్తుంది: సైజు, చివరిసారి మారిన సమయం. ఈ రెండూ రెండు చోట్లా ఒకటే అయితే ఫైలు మారలేదని నమ్మి దాటేస్తుంది. ఈ నమ్మకం వల్లే అంత వేగం. నమ్మకం చాలదనుకున్నవాళ్ళు చెక్‌సమ్ (బైట్లన్నిటి నుంచీ లెక్కకట్టే సరిచూపు సంఖ్య) ఆప్షన్ పెడితే ప్రతి ఫైల్నీ మొదటి నుంచి చివరి వరకు చదివి పోలుస్తుంది. అప్పుడు రెండు వైపులా డిస్కులు గిరగిరా తిరగాల్సిందే.

బావగారి ఫైలు రోజూ మారుతుంది కాబట్టి ఈ మొదటి పరీక్షలో దొరికిపోతుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

ముందు మాట్లాడేది అందుకునేవాడు

ఆర్‌సింక్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది దాని సంభాషణ తీరు. పంపేవాడు కదా ముందు మాట్లాడాలి అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. అందుకోవాల్సిన కంప్యూటరే, అంటే ఇంట్లోదే, ముందు నోరు విప్పుతుంది. తన దగ్గరున్న పాత ఫైల్ని సమాన ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కకీ వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య లెక్కకట్టి, ఆ సంఖ్యల జాబితా షాపుకి పంపుతుంది. "నా దగ్గర ఇవి ఉన్నాయి, ఇందులో లేనివి మాత్రం పంపు" అని దాని అర్థం.

ఆ జాబితా ఎంత ఉంటుంది? ముక్క సైజుని ఆర్‌సింక్ సుమారుగా ఫైలు సైజుకి వర్గమూలంగా తీసుకుంటుంది. 1.4 జీబీ ఫైలుకి ముక్క 37 వేల బైట్ల చిల్లర, ముక్కల సంఖ్యా దాదాపు అంతే. ముక్కకి 20 బైట్ల వేలిముద్ర అనుకుంటే మొత్తం ముప్పావు ఎంబీ. 1400 ఎంబీల ఫైలు గురించి చెప్పాల్సింది ముప్పావు ఎంబీలో అయిపోయింది.

ఇప్పుడు షాపు కంప్యూటర్ తన కొత్త ఫైల్ని కూడా అలాగే ముక్కలు కోసి జాబితాతో పోల్చితే చాలు కదా అనిపిస్తుంది. చాలదు. రేషన్ షాపు ముందు క్యూలో జనాన్ని పది పది మందిగా విడదీశామనుకోండి. మొదట్లో ఒక్కడు కొత్తగా దూరాడు. మొదటి పదిలోంచి చివరివాడు రెండో పదిలోకి జరిగాడు, రెండో పది చివరివాడు మూడో పదిలోకి. మనుషులు వాళ్ళే, వరసా అదే, కానీ ఒక్క పది కూడా పాత పదిలా లేదు. ఫైలు మొదట్లో ఒక్క బైటు చేరినా అంతే. ముక్కల హద్దులన్నీ జరిగిపోయి, అన్నీ కొత్తవే అన్నట్టు కనిపిస్తాయి.

కాబట్టి కొత్త ఫైల్లో ముక్కల్ని హద్దుల దగ్గరే కాకుండా ఎక్కడ పడితే అక్కడ వెతకాలి. ఒక కిటికీ పెట్టి, దాన్ని ఒక్కో బైటు చొప్పున జరుపుతూ, ప్రతి చోటా "ఈ ముక్క పాత జాబితాలో ఉందా?" అని చూడాలి. 1.4 జీబీ అంటే 140 కోట్ల చోట్లు. ప్రతి చోటా 37 వేల బైట్ల వేలిముద్రని మొదటి నుంచి లెక్కకట్టుకుంటూ పోతే తెల్లారినా అయ్యే పని కాదు.

ఇక్కడే ఆ ఇద్దరి తెలివి కనిపిస్తుంది. ఆర్టీసీ బస్సులో కండక్టర్‌ని గమనించండి. బస్సులో ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి ప్రతి స్టేజీలో మొదటి సీటు నుంచి చివరి సీటు దాకా లెక్కపెట్టడు. దిగినవాళ్ళని తీసేస్తాడు, ఎక్కినవాళ్ళని కలుపుతాడు. బస్సులో పదిమంది ఉన్నా డెబ్భైమంది ఉన్నా ఆ కూడిక, తీసివేత ఒక్కటే. కిటికీ ఒక బైటు జరిగినప్పుడు కూడా దిగేది ఒకటి, ఎక్కేది ఒకటి.

చిన్న అంకెలతో చేసి చూద్దాం. ఫైల్లో వరసగా 3, 1, 4, 1, 5 ఉన్నాయి, ముక్క సైజు 4. మొదటి కిటికీలో 3, 1, 4, 1. మొత్తం 9. కానీ ఉత్త మొత్తం చాలదు, ఎందుకంటే 1, 4, 1, 3కి కూడా మొత్తం 9 వస్తుంది. వరస మారితే తెలియాలి. అందుకని రెండో సంఖ్య కూడా ఉంటుంది: మొదటిదాన్ని 4తో, రెండోదాన్ని 3తో, మూడోదాన్ని 2తో, చివరిదాన్ని 1తో గుణించి కలపాలి. 12, 3, 8, 1 కలిపితే 24. అదే 1, 4, 1, 3కి చేస్తే 21 వస్తుంది. తేడా తెలిసింది.

ఇప్పుడు కిటికీని ఒకటి జరుపుదాం. 3 దిగింది, 5 ఎక్కింది. మొదటి మొత్తం: 9లోంచి 3 తీసి 5 కలిపితే 11. రెండో సంఖ్య: పాత 24లోంచి, దిగిపోయిన 3ని ముక్క సైజు 4తో గుణించిన 12 తీసేసి, ఇప్పుడే వచ్చిన 11 కలపాలి. 23 వచ్చింది. నమ్మకం లేకపోతే 1, 4, 1, 5కి మొదటి నుంచి గుణించి చూడండి: 4, 12, 2, 5. కలిపితే 23. ముక్కలో నాలుగు బైట్లున్నా 37 వేలున్నా ఈ రెండు అడుగులే. దీన్ని రోలింగ్ చెక్‌సమ్ అంటారు. దీనికి ప్రేరణ మార్క్ ఆడ్లర్ పేరుతో ఉన్న ఆడ్లర్-32 అనే చెక్‌సమ్. నేను దీన్ని మొదటిసారి కాగితం మీద వేసుకుని చూసినరోజు, ఇంత చిన్న లెక్కా ఇంత పెద్ద పని చేస్తోంది అని చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇది చవకైన పరీక్ష, అందుకే పూర్తిగా నమ్మదగ్గది కాదు. వేరే వేరే ముక్కలకి కూడా ఒక్కోసారి ఒకే సంఖ్య రావచ్చు. అందుకని జాబితాలో ప్రతి ముక్కకీ ఇంకో గట్టి హ్యాష్, అంటే ఇంకా నమ్మదగ్గ వేలిముద్ర, కూడా ఉంటుంది. చవక పరీక్షలో కలిసిన చోట మాత్రమే ఆ ఖరీదైన హ్యాష్ లెక్కకట్టి ఖాయం చేసుకుంటుంది. 1996లో ఆ హ్యాష్ ఎండీ4. 2008లో వచ్చిన 3.0.0 వెర్షన్‌తో ఎండీ5కి మారింది. ముతక జల్లెడ పట్టాకే సన్న జల్లెడ. బియ్యమంతా సన్న జల్లెడలోనే పోస్తే ఎప్పటికవుతుంది?

చివరికి షాపు నుంచి ఇంటికి వెళ్ళేది ఇలాంటి మాట: "నీ దగ్గరున్న ముక్కల్లో మొదటి నుంచి 9412వ దాకా అలాగే పెట్టుకో. తర్వాత ఈ 1850 బైట్లు కొత్తవి, తీసుకో. తర్వాత 9413 నుంచి మళ్ళీ నీవే." ఇంటి కంప్యూటర్ ఆ మాట ప్రకారం కొత్త ఫైల్ని పక్కన తాత్కాలిక పేరుతో కడుతుంది. కట్టడం అయ్యాక ఫైలు మొత్తానికీ ఒక చెక్‌సమ్ సరిచూసుకుని, అన్నీ సరిపోయాకే పాతదాని పేరు దీనికి పెడుతుంది. అంటే మధ్యలో కరెంటు పోయినా నిన్నటి కాపీ చెక్కుచెదరదు. అందుకు బదులుగా కాసేపు రెండు ఫైళ్ళకి సరిపడా ఖాళీ ఉండాలి, అది చూసుకోవాలి.

1996 నివేదికలో వాళ్ళు చేసిన పరీక్ష ఒకటి చెప్పుకోవాలి. లినక్స్ కెర్నెల్ 1.99.10, 2.0.0 వెర్షన్ల టార్ ఫైళ్ళు (చాలా ఫైళ్ళని ఒకే మూటగా కట్టినవి) తీసుకున్నారు, ఒక్కోటి దాదాపు 24 ఎంబీ. రెండింటినీ ఒకేచోట పెట్టుకుని డిఫ్ అనే ప్రోగ్రాముతో పోలిస్తే తేడా 2.1 ఎంబీ వచ్చింది. ఆర్‌సింక్ పద్ధతిలో, 700 బైట్ల ముక్కలతో, రానూ పోనూ కలిపి అయిన డేటా కూడా దాదాపు 2.1 ఎంబీ. రెండు ఫైళ్ళనూ కళ్ళ ముందు పెట్టుకుని చెప్పిన తేడాకీ, ఒకరి ఫైలు ఒకరు చూడకుండా చెప్పుకున్న తేడాకీ ఖర్చు ఇంచుమించు సమానం.

జిప్ చేయడంతో వచ్చిన చిక్కు

షాపు కంప్యూటర్లో విండోస్ ఉంది కాబట్టి, విండోస్‌లోనే లినక్స్ ప్రోగ్రాములు నడపనిచ్చే డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా ఆర్‌సింక్ పెట్టాను. విండోస్‌తో వచ్చే రోబోకాపీ మంచి పనిమంతురాలే, కానీ ఫైలు మారిందని తెలిస్తే మొత్తం ఫైల్నీ కాపీ చేస్తుంది, లోపలి ముక్కల జోలికి పోదు. మాకు కావాల్సింది ముక్కలే.

మొదటి రాత్రి పంపాను. రెండో రాత్రి చూద్దును కదా, మళ్ళీ అంతే టైము, ఒక్క నిమిషం తగ్గలేదు. చాలాసేపు తల బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది. షాపులో కుర్రాడు, సైజు తగ్గుతుందని, ముందు ఫైల్ని జిప్ చేసి ఆ జిప్‌ని ఉంచుతున్నాడు. నేను సింక్ చేస్తోంది ఆ జిప్‌ని. అతని తప్పేం లేదు, అది ఎవరికైనా వచ్చే ఆలోచనే.

జిప్ లోపల ఏం జరుగుతుందంటే, ముందు వచ్చిన మాటలు మళ్ళీ వస్తే "వెనక ఇన్ని బైట్ల దగ్గర ఉన్నదే మళ్ళీ" అని పొట్టిగా రాసుకుంటుంది. అంటే ప్రతి భాగమూ తన ముందున్న భాగం మీద ఆధారపడి ఉంటుంది. మొదట్లో ఒక్క బిల్లు మారినా ఆ తర్వాత వచ్చే బైట్లన్నీ వేరుగా తయారవుతాయి. అప్పుడు ఎంత కిటికీ జరిపినా పాత ముక్క ఒక్కటీ దొరకదు. పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైళ్ళ సంగతీ ఇంచుమించు ఇదే. ఫైల్ని విడిగా, జిప్ చేయకుండా ఉంచాలి. దారిలో డేటా కుదించే పని ఆర్‌సింక్‌కే అప్పజెప్పాలి, అందుకు దానిలోనే ఆప్షన్ ఉంది. కుదించే ఉంచాలి అనుకునేవాళ్ళకి జీజిప్‌లో ఆర్‌సింకబుల్ అనే ఆప్షన్ ఉంటుంది. అది మధ్య మధ్యలో కుదింపుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, దాంతో ఒకచోట మార్పు ఆ చుట్టుపక్కలతోనే ఆగిపోతుంది. ఫైలు సైజు కొంచెం పెరుగుతుంది, అంతే.

జిప్ తీసేయించిన రాత్రి, షట్టర్ దించి తాళం వేసేలోపే పని అయిపోయింది.

చిన్న ఫైళ్ళు, పెన్‌డ్రైవులు

ఇంట్లో మాకు ఇంకో అవసరం ఉంది. అన్నయ్య డల్లస్‌లో ఉంటాడు. పెళ్ళి ఫొటోలు, తాతయ్య రాసుకున్న డైరీల స్కాన్లు ఇద్దరి దగ్గరా ఉండాలని మా కోరిక. ఇక్కడ సమస్య పెద్ద ఫైలు కాదు, వేల చిన్న ఫైళ్ళు.

చిన్న ఫైళ్ళ దగ్గర నెట్ స్పీడుకంటే రానూ పోనూ పట్టే సమయం ముఖ్యం. ఒక ఫైలు పంపి, "అందిందా?" అని అడిగి, "అందింది" అన్నాక రెండోది పంపే ప్రోగ్రాము ఉందనుకోండి. ఆ రాకపోకలకి 200 మిల్లీసెకన్లు పడితే, పదివేల ఫైళ్ళకి ఎదురుచూపుకే 33 నిమిషాలు పోతాయి. ఫైళ్ళు ఖాళీవైనా సరే అంతే సమయం. ఆర్‌సింక్ అలా ఆగదు. జాబితాలు తయారుచేసేది ఒక ప్రాసెస్, డేటా పంపేది ఒకటి, అందుకుని ఫైలు కట్టేది ఇంకొకటి. మూడూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ పోతాయి. పెళ్ళి పంక్తిలో అన్నం వడ్డించేవాడు వెళ్తూనే ఉంటాడు, వెనకే పప్పువాడు, ఆ వెనక నెయ్యివాడు. ఒక్కో విస్తరి దగ్గరా అందరూ ఆగి, తిన్నాక కదలరు కదా.

పెన్‌డ్రైవ్‌కో బయటి హార్డ్‌డిస్క్‌కో కాపీ చేసేటప్పుడు మాత్రం ఈ ముక్కల తెలివి పనిచేయదు, కావాలనే ఆపేసి ఉంటుంది. రెండు ఫైళ్ళూ ఒకే కంప్యూటర్‌కి తగిలించి ఉన్నప్పుడు, పాతదాన్ని మొత్తం చదివి పోల్చే శ్రమ కొత్తదాన్ని రాసే శ్రమకి ఏమాత్రం తక్కువ కాదు. నెట్ ఖరీదైనప్పుడే ఆ లెక్క గిట్టుబాటు.

పెన్‌డ్రైవుల్లో ఇంకో ఇబ్బంది సమయం. పాత ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ ఫైలు మారిన సమయాన్ని రెండు సెకన్ల లెక్కన రాసుకుంటుంది. అసలు ఫైలు 9:15:07కి మారితే దీనిలో 9:15:06 అనో 08 అనో ఉండాల్సిందే. ఆర్‌సింక్‌కి అది మారిన ఫైలు కింద లెక్క, రోజూ మళ్ళీ కాపీ చేస్తుంది. ఒక సెకను తేడాని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఉంది, అది పెడితే తీరిపోతుంది. ఆ ఫ్యాట్ స్థానిక సమయమే రాసుకుంటుంది గానీ అది ఏ దేశపు సమయమో రాసుకోదు. అందుకే ఇక్కడ నింపిన పెన్‌డ్రైవ్‌ని అన్నయ్య డల్లస్‌లో తన కంప్యూటర్‌కి పెడితే, ఒక్క ఫైలూ మారకపోయినా అన్నీ గంటల తేడాతో మారినట్టు కనిపించాయి.

ఐత్వం తెచ్చిన తగువు

ఇది తెలుగులో ఫైళ్ళ పేర్లు పెట్టుకునేవాళ్ళందరూ తెలుసుకోవాలని నా కోరిక. అన్నయ్య దగ్గర పాత మ్యాక్ ఉంది. నా దగ్గర లినక్స్. తాతయ్య డైరీల స్కాన్లకి తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాం. సింక్ చేసిన ప్రతిసారీ కొన్ని ఫైళ్ళు మళ్ళీ మళ్ళీ కాపీ అవుతున్నాయి. కొన్ని మాత్రమే. "మైలవరం", "రైలు ప్రయాణం", "వైశాఖం". "గుడివాడ"కి ఏ ఇబ్బందీ లేదు. పేర్లన్నీ వరసగా రాసి చూస్తే ఇబ్బంది పెట్టినవాటన్నిటిలోనూ ఐత్వం ఉంది.

యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు. "ై" అనే ఒకే గుర్తుగా రాయొచ్చు, దానికి 3 బైట్లు. లేదా ఎత్వం గుర్తు, దాని కింద పెట్టే ఐత్వపు తోక, రెండూ విడివిడిగా కలిపి రాయొచ్చు, దానికి 6 బైట్లు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, చదివే మనిషికి రెండూ ఒకటే. పాత మ్యాకుల్లో ఉండే హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లని విడదీసి దాచుకుంటుంది. లినక్స్ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు ఉంచుతుంది. ఆర్‌సింక్ పేర్లని బైట్లుగానే చూస్తుంది కాబట్టి మ్యాక్‌లోని మైలవరం వేరు, లినక్స్‌లోని మైలవరం వేరు. డిలీట్ ఆప్షన్ కూడా పెట్టి ఉంటే ఒకదాన్ని చెరిపి ఇంకొకటి తెస్తుంది.

దీనికి ఐకాన్వ్ అనే ఆప్షన్ ఉంది. ఆ వైపు పేర్లు మ్యాక్ పద్ధతిలో ఉన్నాయని చెబితే దారిలో మార్చుకుంటుంది. అది 3.0.0తో వచ్చింది, మ్యాక్‌తోపాటు యాపిల్ ఏళ్ళ తరబడి ఇచ్చిన ఆర్‌సింక్ మాత్రం అంతకు ముందుదైన 2.6.9. అన్నయ్య కొత్త వెర్షన్ వేసుకున్నాకే ఆ తగువు తీరింది. ఇంకో చిన్న సంగతి: లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగులో ఒక్కో గుర్తుకీ 3 బైట్లు కాబట్టి, ఒత్తులూ గుణింతాలూ అన్నీ కలిపి 85 గుర్తులతో పేరు అయిపోవాలి.

నా ఫొటోలు ఎలా పోయాయంటే

డిలీట్ ఆప్షన్ గురించి చెప్పాను కదా. మూల ఫోల్డర్లో లేనిదాన్ని రెండో చోట కూడా తీసేయడం దాని పని. రెండు చోట్లా ఒకేలా ఉండాలంటే అది కావాల్సిందే. నేను రోజూ రాత్రి రెండు గంటలకి దానంతటదే నడిచేలా పెట్టుకున్నాను. ఒకరోజు ఫొటోలున్న హార్డ్‌డిస్క్ కేబుల్ వదులై ఊడిపోయింది. డిస్క్ లేదు గానీ, అది తగిలే ఫోల్డరు మాత్రం ఖాళీగా అక్కడే ఉంది. ఆర్‌సింక్ రెండింటికి వచ్చి చూసింది. ఇక్కడ ఏమీ లేదు, కాబట్టి అక్కడా ఏమీ ఉండకూడదు. చదవడంలో ఎర్రర్ వస్తే చెరపడం ఆపేసేంత జాగ్రత్త దానికి ఉంది, కానీ ఖాళీ ఫోల్డరు ఎర్రర్ కాదు. రెండో కాపీ మొత్తం చెరిపేసింది. ఊడిన డిస్క్ బాగానే ఉంది కాబట్టి బతికిపోయాను. అదే రోజు ఆ డిస్క్ కూడా పోయుంటే మా అమ్మ చివరి పుట్టినరోజు ఫొటోలు మాకు ఉండేవి కావు.

సింక్ వేరు, బ్యాకప్ వేరు అని నాకు ఆ ఉదయం తెలిసింది. సింక్ పొరపాటుని కూడా నమ్మకంగా కాపీ చేస్తుంది. అప్పటి నుంచి మూడు పనులు చేస్తున్నాను. చెరిపే సంఖ్యకి పరిమితి పెట్టాను, ఒక్క రాత్రిలో వంద ఫైళ్ళకి మించి చెరపకూడదు. కొత్త కమాండ్ ఏది రాసినా ముందు డ్రై రన్ చేస్తాను, ఏం చేయబోతోందో చెబుతుంది, ఏదీ ముట్టుకోదు. ఫోల్డరు పేరు చివర ఏటవాలు గీత (/) పెడితే దానిలోని ఫైళ్ళు మాత్రమే పోతాయి, పెట్టకపోతే ఫోల్డరుతో సహా పోతుంది. ఈ తేడా డ్రై రన్‌లో వెంటనే కనిపించేస్తుంది. మూడోది లింక్-డెస్ట్ అనే ఆప్షన్. రోజుకో కొత్త ఫోల్డరు తయారవుతుంది, ప్రతి ఫోల్డర్లోనూ అన్ని ఫైళ్ళూ ఉంటాయి. కానీ మారని ఫైళ్ళు మళ్ళీ కాపీ కావు, నిన్నటి ఫైలుకే ఇంకో పేరు తగిలిస్తుంది. ముప్పై రోజుల ముప్పై ఫోల్డర్లు, డిస్క్ మీద మాత్రం ఒక కాపీ, ఆ పైన మార్పులు.

ఇద్దరూ మార్చేటప్పుడు

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకవైపు దారి. అన్నయ్యా నేనూ ఇద్దరం ఫైళ్ళు చేర్చుతాం, తీసేస్తాం. అక్కడ ఆర్‌సింక్ సరిపోదు, ఎందుకో చూడండి. నా దగ్గర ఒక ఫైలుంది, అన్నయ్య దగ్గర లేదు. నేను కొత్తగా చేర్చానా, తను చెరిపేశాడా? రెండు ఫోల్డర్లనీ ఎంతసేపు చూసినా చెప్పలేం. నిన్న ఎలా ఉండేదో తెలిస్తేనే చెప్పగలం. అంటే రెండువైపుల సింక్‌కి జ్ఞాపకం కావాలి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో బెంజమిన్ పియర్స్ బృందం చేసిన యూనిసన్, ఇప్పుడు చాలామంది వాడుతున్న సింక్‌థింగ్, రెండూ పోయినసారి స్థితిని రాసి పెట్టుకునేవే. ఇద్దరూ ఒకే ఫైల్ని మార్చితే సింక్‌థింగ్ ఎవరిదీ పారేయదు, ఒకదాన్ని కాన్‌ఫ్లిక్ట్ అన్న పేరుతో పక్కన పెడుతుంది. ఏది ఉంచాలో మనుషులే తేల్చుకోవాలి. మేము ఫొటోలకి అదే వాడుతున్నాం.

ముక్కలు కోయడంలో ఇంకో దారి 2001లో ఎంఐటీ వాళ్ళ ఎల్‌బీఎఫ్‌ఎస్‌తో పేరుకొచ్చింది. ఇన్ని బైట్లకి ఒక ముక్క అని కాకుండా, ఫైలు లోపలి బైట్లే ఎక్కడ కోయాలో చెప్పేలా చేయడం. పేజీని వంద అక్షరాలకోసారి కోయడం బదులు ఫుల్‌స్టాప్ ఉన్నచోట కోసినట్టు. మధ్యలో ఒక మాట చేరితే ఆ వాక్యం ఒక్కటే మారుతుంది, మిగతా ముక్కలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. రెస్టిక్, బోర్గ్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాములు ఇలాగే కోస్తాయి. పది కంప్యూటర్ల బ్యాకప్ ఒకేచోట దాచేటప్పుడు ఈ పద్ధతే మేలని నా అభిప్రాయం, ఒకే ముక్క పది చోట్ల ఉన్నా ఒక్కసారే దాస్తుంది.

ఆర్‌సింక్‌ని సొంత సర్వర్‌గా, 873 పోర్టు మీద, బయటి నెట్‌కి తెరిచి పెట్టినవాళ్ళు ఒకటి చూసుకోవాలి. 2025 జనవరిలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి, వాటిని సరిచేస్తూ 3.4.0 వచ్చింది. అంతకంటే పాతది ఉంటే ఇవాళే మార్చండి. మామూలు వాడకానికి ఎస్‌ఎస్‌హెచ్ అనే ఎన్‌క్రిప్ట్ అయిన కనెక్షన్ మీదుగా పంపితే చాలు.

బావగారి షాపులో ఇంకొక్క పని మిగిలింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగానే సింక్ నడిపేవారు. ఫైలు సగం చదివేసరికి ఎవరో బిల్లు కొడితే, ముందు సగం పాతది, వెనక సగం కొత్తది అయిన కాపీ తయారవుతుంది. అన్ని చెక్‌సమ్‌లూ సరిపోతాయి, ఎందుకంటే చదివింది చదివినట్టే చేరింది. కానీ ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. అందుకే ఇప్పుడు వరస మార్చాం: చివరి బిల్లు, సాఫ్ట్‌వేర్ మూయడం, ఆ తర్వాత సింక్. ఆదివారం ఉదయం ఆయన ఇంటి కంప్యూటర్లో ఆ కాపీని తెరిచి, శనివారం రాత్రి చివరి బిల్లు నంబరు చూసుకుని నాకు మెసేజ్ పెడతారు.

"4417. ఉంది."